ముక్కుకు సూటిగా

ముక్కెక్కడుందని అడిగితే
చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించేవాణ్ణి
మా ఊళ్లో తెలివితక్కువవాడనేవారు.
ఆక్స్‌ఫర్డ్‌లో, ఆసుపత్రి నేలమాళిగలో,
పన్నెండేళ్లుగా నా ఉద్యోగం అదే.

మంగళవారం మొదటి పేషెంటు లెస్లీ ప్లమ్‌రిడ్జ్.
హై వికమ్‌లో యాభై ఒక్క ఏళ్లు కుర్చీలు చేశాడు.
కుర్చీలు కాదు, కుర్చీ కాళ్లు, అని నన్ను దిద్దాడు;
కూర్చునే పలక వేరేవాడి పని.
బీచ్ పొట్టు, ఓక్ పొట్టు, ఊపిరి వెంట చేరి చేరి
ఎడమ చెంప వెనక గాలిగదిలో
ఎప్పుడో ఏదో రాజేసింది.
ముందు రుమాల్లో రక్తం.
తర్వాత పైపన్ను వదులైంది, పళ్ల డాక్టరు పీకేశాడు.
ఆ గుంట మానలేదు.
తర్వాత ఎడమ కన్ను కొంచెం ముందుకొచ్చింది,
లోపల్నించి ఎవరో తలుపు తోస్తున్నట్టు.

కోస్తే కన్నూ పోతుంది, అంగిలీ పోతుంది అన్నారు.
"ఒంటికన్నుతోనే కదా బతికాను," అన్నాడు,
లేని కర్రని మొహం ముందుకెత్తి
ఒక కన్ను మూసి వంకర చూస్తూ.
"కానీ మూసేది ఏదో నేనే తేల్చుకునేవాణ్ణి."

అందుకే ఈ చుట్టుదారి.
గజ్జల్లో చిన్న బెజ్జం.
సేమ్యా పోగంత గొట్టం
పొట్టలోని పెద్ద ధమని వెంట ఎదురీది
గుండె మీది వంపు తిరిగి
మెడలో దారి రెండుగా చీలేచోట ఆగుతుంది.
మెదడుకి పోయేది కాదు. రెండోది.
డాక్టర్ ఒగ్బు మాట్లాడ్డం మానేసేది ఇక్కడే.
నేను రంగు వదులుతాను.
తెరమీద నల్లకొమ్మలు ఒక్క క్షణం చిగురించి
ఏ చెట్టుకీ చెందకుండా మాయమవుతాయి.
"మింగకండి, లెస్లీ. మొహం వేడెక్కుతుంది."
"ఎవరో టీ ఒలకబోశారు," అంటాడు పెదవి కదపకుండా.

దవడ వెనక సందు దొరికాక, మందు.
అదే నిమిషాన చేతి సిరలోకి విరుగుడు.
చెంపకి విషం; కిడ్నీలకీ చెవులకీ అభయం.
ఎలుకున్న గదిలోకి పాముని వదిలి
మిగతా గదులకి గొళ్లెం పెట్టడమని
కొత్తగా చేరిన టోబీకి చెప్పాను.
గ్లవ్స్ వేసుకున్నాడు గనక
ముక్కున వేలేసుకోలేదు.

నాలుగు మంగళవారాలు.
రోజూ పై అంతస్తులో రేడియేషన్.
మూడో వారానికి నోరంతా పుండ్లు, నీళ్లు కూడా గాజుపెంకులు.
ఇక రాడనుకున్నాను.
మొద్దుబారిన చెంపమీద గడ్డం గీసుకుంటూ
తెగిందని తెలియక, కాలర్ మీద రక్తంతో, వచ్చాడు.

నాలుగో వారం కవరొకటి తెచ్చాడు.
అందులో రెండు చెక్కపొట్టు చుట్టలు, చెవి జుంకాలంత.
"నాకిప్పుడేదీ తెలీడం లేదు. చూసి చెప్పు, ఏది ఏది?"
నాకు టేకు తెలుసు. వేప తెలుసు.
మాస్కు కిందికి లాగి పీల్చాను.
"మొదటిది ఉత్త పిండి వాసన.
రెండోది పుల్లగా ఉంది,
ఖాళీ అయిన ఊరగాయ జాడీలా."
ఊరగాయ జాడీ ఏమిటో అతనికి తెలీదు.
"పులుపు, ఆఁ, ఓక్," అన్నాడు,
కళ్లు మూసుకుని, రెండూ.

ఆరు వారాల తర్వాతి స్కాన్‌లో నీడ తగ్గిందని రాశారు.
ఎంతో రాయలేదు.
మిగిలింది మచ్చో మొలకో చలికాలం చెప్పాలి.

సీసం ఏప్రన్ జేబులో ఆ చుట్ట ఇంకా ఉంది.
పారేద్దామనుకుంటూనే ఉంటాను.
ఇంకొకరి గజ్జ తుడవడానికి వంగినప్పుడల్లా
ఆ పులుపు
ఏ చుట్టూ తిరక్కుండా
ముక్కుకు సూటిగా వస్తుంది.